ఇంట్లో ముందుగా ఎవరికి పరీక్ష చేయించాలి?

ప్రశ్న: మేము సీతాఫల్‌మండిలో ఉంటాము. నా వయసు 41. మా నాన్నగారు 51వ ఏట గుండెపోటుతో పోయారు. అమ్మకు 66 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా షుగరుకూ బీపీకీ మందులు వాడుతోంది. తమ్ముడికి 36. మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు ఉద్యోగం, రోజుకు నాలుగైదు సిగరెట్లు. మనిషి సన్నగానే ఉంటాడు, 168 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు. పుట్టినప్పుడు రెండు కిలోలే ఉన్నాడని అమ్మ చెబుతుంది. చెల్లెలికి 33. నాలుగేళ్ల కిందట రెండో కాన్పు సమయంలో షుగరు వచ్చింది, కాన్పయ్యాక ఒకసారి చూస్తే నార్మల్ అన్నారు, మళ్లీ చూపించలేదు. నాకు పోయిన ఏడాది కడుపు స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది, "ఈ రోజుల్లో అందరికీ ఉండేదే" అన్నారు. మా వారికి 47 ఏళ్లు, 86 కిలోలు. ఇంట్లో లావుగా ఉన్నది ఆయనొక్కరే. అయితే రోజూ ఉస్మానియా క్యాంపస్‌లో గంటసేపు నడుస్తారు. వారి తల్లిదండ్రులకు షుగరు లేదు. నడుం కొలతలు తీశాను: తమ్ముడికి 94 సెంటీమీటర్లు, మా వారికి 98, నాకు 86, చెల్లెలికి 82. వ్యాయామం మా ముగ్గురికీ లేదు. పెద్ద హెల్త్ చెకప్ ప్యాకేజీ ఈ ఏడాది ఇద్దరికి మించి చేయించే స్తోమత మాకు లేదు. లావుగా ఉన్నారు కనుక మా వారికి చేయించాలని అందరూ అంటున్నారు. రెండో మనిషి ఎవరు? పదిహేనేళ్ల మా బాబుకు కూడా ఏమైనా చేయించాలా?

సమాధానం: అమ్మా, మీరు వయసులూ కొలతలూ తల్లిదండ్రుల జబ్బులూ ఇంత వివరంగా రాసినందువల్ల నా పని సగం తేలికైంది. ముందుగా సూటిగా జవాబు చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. మొదట పరీక్ష అవసరమైనది మీ తమ్ముడికీ మీ చెల్లెలికీ. వారి వెనుకే మీరు. మీ అమ్మగారిది వేరే లెక్క. ఆమెకు కావలసిన పరీక్షలు వేరు, అవి మాత్రం ఆలస్యం చేయకూడదు. మీ వారు మీ అందరి తరువాత వెళ్లినా ప్రమాదం లేదు. పెద్ద ప్యాకేజీ మాత్రం మీలో ఎవరికీ అవసరం లేదు. ప్యాకేజీలో ఇద్దరికి పెట్టే డబ్బుతో, అవసరమైన పరీక్షలను విడివిడిగా ఎంచుకుంటే, మీ అందరికీ సరిపోయే అవకాశం ఎక్కువ.

లావుగా ఉన్నవారికి ముందు చూపించాలన్న ఆలోచన తప్పని అనను. అధిక బరువు షుగరుకూ బీపీకీ గుండె జబ్బుకూ దారి తీసే మాట వాస్తవం. అయితే మన దేశంలో బరువును మాత్రమే కొలబద్దగా పెట్టుకుంటే, ప్రమాదంలో ఉన్నవారిలో చాలామంది మన చూపు నుంచి తప్పిపోతారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఎత్తుకు తగిన బరువును లెక్కగట్టే బీఎంఐ ఇద్దరిదీ సరిగ్గా ఒకటే, 22.3. కాని శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. చూపుకు ఇద్దరూ సన్నటివారే. మన వారిలో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా, ఆ కొవ్వు కూడా చర్మం కింద కాకుండా పొట్టలోపల, కాలేయంలో, పేగుల చుట్టూ చేరడం సాధారణం. అక్కడ చేరిన కొవ్వు కాలేయాన్ని ఇన్సులిన్ మాట విననివ్వదు. దాంతో పరగడుపు షుగరు పెరుగుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మేలు చేసే కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ తగ్గుతుంది. అందువల్లనే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగానూ, 25 దాటితే ఊబకాయంగానూ లెక్కించాలని మన నిపుణులు నిర్ణయించారు. నడుం కొలతలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. మీ తమ్ముడి బీఎంఐ లెక్కకడితే 22.7 వస్తుంది, అంటే బరువు ప్రకారం అతనికి ఏ లోపమూ లేదు. నడుం మాత్రం 94. ఒక్క టేపు చెప్పిన ఈ సంగతిని బరువు తూచే యంత్రం చెప్పలేకపోయింది.

టేపు పెట్టే చోటు గురించి ఒక మాట. ప్యాంటు సైజును నడుం కొలతగా చెప్పే మగవారు చాలామంది ఉన్నారు, కాని ప్యాంటును పొట్ట కిందికి జార్చి కట్టుకుంటారు కనుక ఆ అంకె తక్కువగా వస్తుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత, పొట్ట లోపలికి పీల్చకుండా, టేపు బిగించకుండా కొలవాలి. మీరు మరోలా కొలిచి ఉంటే ఇంకొకసారి చూడండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. షుగరు వచ్చే అవకాశం ఎవరికి ఎక్కువో రక్తపరీక్ష లేకుండానే అంచనా వేయడానికి చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు 2005లో ఒక మార్కుల పట్టిక తయారు చేశారు. అందులో నాలుగే ప్రశ్నలు. వయసు 35 నిండకపోతే సున్నా, 35 నుంచి 49 వరకు 20, ఆపైన 30. మగవారి నడుం 90 దాటితే 10, 100 దాటితే 20. ఆడవారికి 80 దాటితే 10, 90 దాటితే 20. వ్యాయామమూ లేక, పని కూడా కూర్చుని చేసేదే అయితే 30. కదలిక ఉన్నకొద్దీ ఈ మార్కులు తగ్గుతాయి. తల్లిదండ్రులలో ఒకరికి షుగరు ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 గాని ఆపైన గాని వస్తే ప్రమాదం ఎక్కువని అర్థం. ఈ లెక్కన మీ తమ్ముడికి 20, 10, 30, 10 కలిపి 70 వస్తాయి. మీకూ అంతే, 70. మీ వారికి రోజూ నడక ఉన్నందువల్లా, తల్లిదండ్రులకు షుగరు లేనందువల్లా 50కి మించవు. అందరూ వేలెత్తి చూపుతున్న మనిషి కంటే, ఎవరూ అనుమానించని సన్నటి మనిషికి మార్కులు ఎక్కువ వచ్చాయి.

మీ చెల్లెలికి కూడా ఇదే లెక్క వేస్తే 50 వస్తాయి. వయసు 35 లోపు కనుక ఆ గడిలో సున్నా. ఆ అంకెను నమ్మి ఆమెను పక్కన పెడితే పెద్ద పొరపాటు చేసినవాళ్లమవుతాము, ఎందుకంటే ఆ నాలుగు ప్రశ్నలలో "గర్భిణిగా ఉన్నప్పుడు షుగరు వచ్చిందా" అన్న ప్రశ్న లేదు. ఏ మార్కుల పట్టిక అయినా తాను అడిగిన వాటికే జవాబు చెబుతుంది, అడగని వాటిని రోగి చరిత్రలో వైద్యుడే వెతుక్కోవాలి. గర్భిణిగా ఉన్నప్పుడు షుగరు వచ్చిన స్త్రీకి, రాని స్త్రీతో పోలిస్తే, తరువాతి జీవితంలో షుగరు వ్యాధి వచ్చే అవకాశం ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. గర్భం ఒక రకంగా శరీరానికి పెట్టే పరీక్ష. మావి నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి, ఆ అదనపు భారాన్ని మోయగల శక్తి క్లోమగ్రంథికి ఉంటే షుగరు అదుపులో ఉంటుంది, లేకపోతే బయటపడుతుంది. కాన్పు తరువాత భారం దిగింది కనుక అంకెలు మామూలుకు వచ్చాయి. గ్రంథిలోని బలహీనత మాత్రం అక్కడే ఉంది. "కాన్పయ్యాక పోయింది" అన్న మాట మా దగ్గరకు వచ్చే తల్లుల నోట తరచుగా వింటాను, విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే పదేళ్ల ముందుగా అందిన హెచ్చరిక అది, దానిని వారి చేతిలో పెట్టి అర్థం చెప్పవలసింది మేము.

ఆమెకు చేయించవలసిన పరీక్ష కూడా ఆలోచించి ఎంచుకోవాలి. మూడు నెలల సగటు షుగరును తెలిపే హెచ్‌బీఏ1సీ సులువైన పరీక్షే, కాని ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉన్నప్పుడు అది ఉన్నదానికంటే ఎక్కువగా చూపే అవకాశం ఉంది. మరికొన్ని రకాల రక్తహీనతలలో తక్కువగా చూపుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుచేత మీ చెల్లెలికి పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తరువాత మరొకసారి రక్తం తీసే పరీక్షనే నేను కోరతాను. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉన్నా, రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య ఉన్నా షుగరు ముందు దశ అంటాము. 126 గాని, 200 గాని చేరితే షుగరు వ్యాధి. ఫలితం బాగా వచ్చినా ఏడాదికి ఒకసారి, కనీసం మూడేళ్లకు ఒకసారి, జీవితాంతం చూపించుకోవాలి. మరో బిడ్డను కోరుకుంటే గర్భం రాకముందే షుగరు పరీక్ష చేయించుకోవాలి. ఆ కాన్పులో బీపీ కూడా పెరిగిందేమో అడిగి తెలుసుకోండి. గర్భవాతం, అంటే బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే స్థితి, వచ్చిన స్త్రీలకు ముందు ముందు గుండె జబ్బు అవకాశం దాదాపు రెట్టింపు అవుతుంది. పాత ఆస్పత్రి కాగితాలు ఉంటే పారేయవద్దని చెప్పండి.

తమ్ముడి సంగతి ఇంకొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే అతనిలో ఒకటి కాదు, అనేక కారణాలు ఒక చోట చేరాయి. నాన్నగారు 51వ ఏట గుండెపోటుతో పోవడం మొదటిది. తండ్రి లేదా అన్నదమ్ములకు 55 ఏళ్ల లోపు, తల్లి లేదా అక్కచెల్లెళ్లకు 65 ఏళ్ల లోపు గుండెపోటు వస్తే దానిని అకాల గుండె జబ్బు చరిత్రగా పరిగణిస్తాము. ఇది మీ ముగ్గురికీ వర్తిస్తుంది, మీ వారికి వర్తించదు. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, మిగిలిన దేశాలలో దాదాపు 59. మనకు జబ్బు అయిదారేళ్లు ముందుగా వస్తోందని అర్థం. అయితే అదే అధ్యయనం మరొక మాట కూడా చెప్పింది: పొగాకు, కొలెస్ట్రాల్ తేడాలు, బీపీ, షుగరు, పొట్ట వంటి తొమ్మిది అంశాలే గుండెపోట్లలో తొంభై శాతానికి పైగా కారణమవుతున్నాయి. వీటిలో చాలా భాగం మార్చుకోగలిగినవే.

రెండు కిలోల బరువుతో పుట్టడం రెండోది. తల్లి కడుపులో పోషణ చాలని బిడ్డ శరీరం ఉన్న కొద్దిపాటి ఆహారంతో సర్దుకోవడం నేర్చుకుంటుంది, తరువాత ఆహారం దండిగా దొరికినప్పుడు దానిని కండగా కాక కొవ్వుగా దాచుకునే గుణం మిగిలిపోతుంది. ఈ సంగతి మీద మన ఊరి పక్కనే విలువైన పరిశోధన జరిగింది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ సమీపంలోని కొన్ని గ్రామాలలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు పోషకాహారం అందించారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షించి చూస్తే, ఆ ఆహారం అందని గ్రామాల పిల్లల కంటే వారిలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, ధమనుల బిరుసు కూడా తక్కువగా ఉంది. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పుట్టిన బరువు తలరాత కాదు గాని, మీ అమ్మగారు గుర్తుంచుకున్న ఆ రెండు కిలోల మాటను వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఇక సిగరెట్లు. "నాలుగైదే కదా" అని అతను అనుకుంటూ ఉండవచ్చు. గుండె విషయంలో పొగ లెక్క సిగరెట్ల లెక్కతో సమానంగా సాగదు. రోజుకు ఇరవై కాల్చేవారికి పెరిగే ప్రమాదంలో దాదాపు సగం, రోజుకు ఒక్కటి కాల్చేవారికే ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ చూపింది. కనుక తగ్గించడం వల్ల ఊపిరితిత్తులకు కొంత మేలు జరగవచ్చు, గుండెకు మాత్రం పూర్తిగా మానడమే మేలు. రాత్రి షిఫ్టు దీనికి తోడైంది. శరీరం నిద్రకు సిద్ధమయ్యే వేళలో తిన్న అన్నాన్ని ఇన్సులిన్ సరిగా సర్దలేదు, రాత్రి రెండు గంటలకు తిన్న బిర్యానీ మధ్యాహ్నం తిన్న బిర్యానీతో సమానం కాదు. ఉద్యోగం మారలేని పరిస్థితి ఉంటే, షిఫ్టుకు ముందే ప్రధాన భోజనం ముగించి, నడిరాత్రి తేలికగా ఏదైనా తీసుకోవడం మేలు. గట్టిగా గురక పెడుతున్నాడా, పడుకుని లేచినా రోజంతా మగతగా ఉంటోందా అని ఇంట్లో వారిని అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉంటే, బీపీ ఎందుకు తగ్గడం లేదో ఎవరికీ అంతుబట్టదు.

అతనికి కావలసినవి బీపీ, పరగడుపు షుగరు లేదా హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ వివరాలన్నీ ఉన్న లిపిడ్ ప్రొఫైల్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్. వీటితో పాటు లైపోప్రొటీన్ ఏ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించమంటాను. ఇది పుట్టుకతో నిర్ణయమైపోయే ఒక రకం కొవ్వు రేణువు. ఆహారంతోనూ వ్యాయామంతోనూ పెద్దగా మారదు కనుక మళ్లీ మళ్లీ చూడనక్కరలేదు. 50 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదాన్ని పెంచే అంశంగా లెక్కించి, మిగతా అంశాలను మరింత గట్టిగా అదుపు చేస్తాము. చిన్న వయసులో తండ్రి గుండెపోటుతో పోయిన ఇళ్లలో దీనికి విలువ ఎక్కువ. ఒక హెచ్చరిక కూడా చేయాలి. రాబోయే పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశాన్ని శాతంలో చెప్పే పట్టికలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దక్షిణాసియాకు విడిగా రూపొందించినవి 40 ఏళ్ల వయసు నుంచే మొదలవుతాయి. వాటిలో వయసుదే పెద్ద బరువు కావడం చేత 36 ఏళ్ల మనిషికి ఎవరైనా కంప్యూటర్‌లో లెక్కగట్టి "తక్కువ ప్రమాదం" అని చెబితే, అది పదేళ్ల మాట మాత్రమే. అతని ముందు ఇంకా నలభై ఏళ్ల జీవితం ఉంది. అలాగే ఈసీజీ బాగుందంటే ఆ నిమిషంలో గుండె విద్యుత్తు బాగుందని మాత్రమే అర్థం, రక్తనాళాల గోడలలో ఏం పేరుకుంటోందో అది చెప్పదు. అన్నట్టు, ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

మీ ఫ్యాటీ లివర్ విషయంలో "అందరికీ ఉండేదే" అన్న మాటలో సగం నిజముంది. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. ఆ అంకె నగరమంతటికీ వర్తించదు, అయినా ఎంతమందిలో ఉందో ఊహించడానికి చాలు. కాని ఎక్కువ మందికి ఉన్నంత మాత్రాన అది హాని చేయనిది కాదు. 2023లో వైద్యులు ఈ జబ్బు పేరునే మార్చి, శరీర జీవక్రియ లోపం వల్ల వచ్చే కాలేయ వ్యాధిగా పిలవడం మొదలుపెట్టారు. ఈ జబ్బు ఉన్నవారు ఎక్కువగా మరణించేది కాలేయం చెడి కాదు, గుండె జబ్బుతో. మీకు షుగరు, లిపిడ్ ప్రొఫైల్, బీపీలతో పాటు కాలేయ ఎంజైములూ ప్లేట్‌లెట్లూ చూడాలి. వయసుతో కలిపి ఆ అంకెలను ఒక సూత్రంలో పెడితే ఫిబ్-4 అనే విలువ వస్తుంది, అది 1.3 కంటే తక్కువ ఉంటే కాలేయం గట్టిపడే ప్రమాదం ప్రస్తుతానికి తక్కువని ధైర్యంగా ఉండవచ్చు. బరువు అయిదు శాతం తగ్గినా కాలేయంలోని కొవ్వు తగ్గుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. మీ వారితో కలిసి మీరు కూడా క్యాంపస్‌కు బయలుదేరితే, మీ లెక్కలోని ఆ 30 మార్కులు కరగడం మొదలవుతాయి.

అమ్మగారి విషయానికి వస్తే, ఆమెను ప్రమాదం ఉందా లేదా అని తేల్చవలసిన మనుషులలో చేర్చనే కూడదు. 66 ఏళ్ల వయసు, పద్నాలుగేళ్ల షుగరు, బీపీ మూడూ ఉన్న మనిషి ఏ లెక్కా వేయకముందే అధిక ప్రమాదంలో ఉన్నట్టు. ఆమెకు అవసరమైనది షుగరు ఉందా అనే పరీక్ష కాదు, షుగరు ఏ అవయవాన్ని తాకిందో చూసే పరీక్ష. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి చూడండి. మామూలు మూత్రపరీక్షలో దొరకనంత కొద్దిపాటి ఆల్బుమిన్‌ను కూడా ఇది పట్టుకుంటుంది. 30 దాటితే మూత్రపిండాలకు దెబ్బ మొదలైనట్టే గాక, గుండె రక్తనాళాల లోపలి పొర కూడా చెడుతోందని సూచన. అందుకే మళ్లీ ఒకటి రెండు సార్లు చేసి నిర్ధారిస్తాము. దానితో పాటు క్రియాటినిన్, కంటి రెటీనా పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష ఏటా జరగాలి. నలభై దాటిన షుగరు రోగులలో చాలామందికి కొలెస్ట్రాల్ అంకె ఎలా ఉన్నా, దానిని తగ్గించే స్టాటిన్ మందు సూచిస్తాము. ఆమె వాడుతున్నారో లేదో చూడండి. మూత్రంలో ఆల్బుమిన్ ఉంటే, గ్లిఫ్లోజిన్ తరగతి షుగరు మందులు మూత్రపిండాలనూ గుండెనూ కాపాడతాయని ఈ పదేళ్లలో రుజువైంది, అవి ఆమెకు తగినవేనా అని ఆమె వైద్యుడిని అడగండి. మందులు మీరే మార్చవద్దు.

మీ వారికి ఇప్పటికి బీపీ, పరగడుపు షుగరు, లిపిడ్ ప్రొఫైల్ చాలు. నడుం 98 కనుక ఆయన పూర్తిగా నిశ్చింతగా ఉండడానికి లేదు. అయినా నడక ఆయనను కాపాడుతోంది, దయచేసి ఆ అలవాటును పొగడండి.

మీ ఇంట్లో లేకపోయినా, ఈ సమాధానం చదివే ఇతరుల కోసం కొందరిని ప్రస్తావించాలి. కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ వంటి ఏళ్లతరబడి వాపు ఉండే జబ్బులవారు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడుతున్నవారు, హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నవారు, 45 ఏళ్లకు ముందే ముట్లు ఆగిపోయిన స్త్రీలు, పీసీఓడీ ఉన్న అమ్మాయిలు, గుట్కా, ఖైనీ నమిలేవారు, వీరందరికీ ప్రమాదం సాధారణం కంటే ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నది మానసిక వ్యాధులకు చికిత్స పొందుతున్నవారు. ఓలంజపిన్, క్లోజపిన్ వంటి మందులు ఆకలినీ బరువునూ షుగరునూ పెంచుతాయి. ఆ మందులు వారికి ప్రాణావసరం, మానకూడదు. కాని మందు మొదలుపెట్టి మూడు నెలలు నిండాక ఒకసారి, ఆపైన ఏటా, నడుం, షుగరు, కొలెస్ట్రాల్ చూడవలసిన బాధ్యత మన మీద ఉంది. మనసుకు చికిత్స జరుగుతున్నదన్న నమ్మకంతో ఒంటిని ఎవరూ పట్టించుకోకపోవడం చాలా ఇళ్లలో చూశాను.

ఖర్చు సంగతి. మీ దగ్గరలోని బస్తీ దవాఖానాలో బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేస్తారు, తీసిన రక్త నమూనాలను ప్రభుత్వ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ప్రయోగశాలకు పంపించి మరికొన్ని పరీక్షలు కూడా ఉచితంగా చేయిస్తారు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి వయసు, నడుం, పొగాకు, వ్యాయామం, కుటుంబ చరిత్ర అడిగి రాసుకునే పత్రం ఆశా కార్యకర్త వద్ద ఉంటుంది, అందులో నాలుగు మార్కులు దాటినవారిని ముందుగా పరీక్షకు పంపిస్తారు. అక్కడ దొరకనివి ఏవో అడిగి తెలుసుకుని, వాటికి మాత్రమే బయట డబ్బు పెట్టండి. ప్యాకేజీలలో సంఖ్య పెంచడానికి చేర్చే క్యాన్సర్ మార్కర్లూ, విటమిన్ల జాబితాలూ, ఏ లక్షణమూ లేనివారికి చేసే ట్రెడ్‌మిల్ పరీక్షలూ మీ ప్రశ్నకు జవాబు చెప్పవు. బీపీ చూపించుకునేటప్పుడు అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ మానేసి, అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని మాట్లాడకుండా కూర్చుని, రెండుసార్లు చూపించుకోవాలి. ఆస్పత్రిలో 140/90, ఇంట్లో యంత్రంతో అయితే 135/85 దాటుతుంటే బీపీ ఉన్నట్టే.

చివరగా మీ బాబు గురించి అడిగారు. అతనికి ఇప్పుడే రక్తపరీక్ష అవసరమా అన్నది మీ ఫలితం మీదా, మీ తమ్ముడి ఫలితం మీదా ఆధారపడుతుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 190 గాని ఆపైన గాని వస్తే, అది వంశంలో దిగివచ్చే కొలెస్ట్రాల్ జబ్బు కావచ్చు. నాన్నగారు అంత చిన్న వయసులో పోవడానికి అదే కారణమై ఉండవచ్చు. ఆ జబ్బు తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అటువంటప్పుడు మీ బాబుకూ, తమ్ముడి పిల్లలుంటే వారికీ, లిపిడ్ ప్రొఫైల్ వెంటనే చేయించాలి. మీ ఇద్దరిలో ఎవరికీ రాకపోతే, బాబు ఎత్తులో సగానికి మించి నడుం పెరగకుండా చూసుకుంటూ, సాయంత్రం వేళ ఆటకు పంపించండి. మీ తమ్ముడి రిపోర్టు రాగానే ఎల్‌డీఎల్ అంకె ముందు చూసి, నాకు మళ్లీ రాయండి.